తియ్య బాయికి పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నీళ్ళు మంచివో కావో తేల్చడానికి గుప్పెడు కందిపప్పు చాలు. పప్పు మెత్తగా ఉడికితే అవి మంచినీళ్ళు. గింజ గింజగా మిగిలిపోతే అవి పశువులకూ, బట్టలుతకడానికీ. అంతకు మించిన పరీక్ష ఒకటుంటుందని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. అనుకోవలసిన అవసరమూ రాలేదు, ఎందుకంటే మాకు తియ్య బాయి ఉంది.

బోధన్‌కు సైకిలు మీద గంట దూరంలో, చెరకు చేల మధ్య ఉండేది మా ఊరు. మా ఇంటి ముందరే ఆ బావి. మా ముత్తాత తవ్వించాడట. మా నాయనమ్మ కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే అందులో నీళ్ళు పడ్డాయట. మావైపు నాయనమ్మను బాపమ్మ అంటాం. మా బాపమ్మ ఆ బావిని తన పుట్టింటివాళ్ళు పెట్టిన నగలాగా చూసుకునేది. ఇంటికి ఎవరొచ్చినా మొదట చెంబుతో నీళ్ళు ఇచ్చి, చుట్టం ఒక గుక్క మింగి "ఆహా, ఏం తీపి!" అనేదాకా ఎదురుగా నిలబడేది. అనకపోతే ఆ చుట్టానికి ఆ పూట కూరలో కారం ఎక్కువే పడేది.

ఊరి చివర, చర్చి ఉన్న వాడలో, సర్కారువాళ్ళు ఒక బోరింగు వేశారు. చేత్తో కొట్టుకునే పంపు. దాని నీళ్ళు నాలుకకు ఉప్పగా తగిలేవి, వాటితో పప్పు ఎంతకీ ఉడికేది కాదు. ఆ వాడవాళ్ళకు అవే నీళ్ళు. వాళ్ళు తియ్య బాయి దగ్గరికి వచ్చేవాళ్ళు కారు. రావద్దని ఎవరైనా అనగా నేను వినలేదు. రమ్మనగా కూడా వినలేదు. చిన్నపిల్లకు అది ఎండా వానా ఉన్నట్టే ఉన్న సంగతి. అది మనుషులు పెట్టిన కట్టుబాటనీ, దానికి కాపలా మా ఇల్లేననీ తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ వాడలో ఒకాయన చక్కెర ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆయన "ల్యాబుల పని" అని చెప్తే మా ఊరు "లేబరు పని" అని విన్నది. ఆ వాడ మనిషికి ఇంకో పని ఉంటుందని ఊరి చెవులకు తోచలేదు మరి. ఏళ్ళ తరబడి అందరూ "లేబరోడు" అన్నారు, ఆయన ఒక్కసారీ దిద్దలేదు. ఒకరోజు నేనే, ఆయన సైకిలు హ్యాండిలుకు తగిలించిన సంచిలో విరిగిన గాజు గొట్టం చూసి, ఇదేంటని అడిగాను. ఆయన అక్కడే ఆగి, ల్యాబు అంటే ఏమిటో, గొట్టాలతో ఏం చేస్తారో పది నిమిషాలు చెప్పాడు. అప్పటినుంచి నాకు ఆయన ల్యాబు కాక; మావైపు చిన్నాన్నను కాక అంటాం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు వానాకాలంలో మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి రెండేళ్ళు. బోధన్ డాక్టరు మందిచ్చేవాడు, నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం పెద్దవై, వాడు ఎవరి పిల్లవాడో అన్నట్టు అయిపోయాడు. డాక్టరు నీళ్ళు మరగబెట్టి తాపమని చెప్పాడు. బాపమ్మకు అది తిట్టులాగా వినిపించింది. ఆ మాట వేరే ఊళ్ళ నీళ్ళకు చెప్పుకోమన్నది. మరగబెడితే తీపి పోతుందని, పోయి పోయి తియ్య బాయి నీళ్ళను ఎవరైనా పొయ్యి మీద పెడతారా అని.

తప్పు నీళ్ళది కాదంటే మరి ఎవరిదో కావాలి కదా. అది మా అమ్మది అయింది. తల్లి పాలు చెడ్డాయన్నారు. ఆమె చల్లటివి తిన్నదన్నారు, తలంటుకుని తడి జుట్టుతో పాలిచ్చిందన్నారు. వంకాయ మాన్పించారు, పెరుగు మాన్పించారు, చివరికి పిల్లవాడికి పాలే మాన్పించారు. పాలు మానిన పిల్లవాడికి దాహం వేసినప్పుడల్లా తియ్య బాయి నీళ్ళు తాపారు. వాడికి జబ్బు ఇంకా ముదిరింది. చూశారా, తల్లి పాల విషం ఇంకా లోపలే ఉందన్నారు. మా అమ్మ ఎవరికీ ఎదురు చెప్పే మనిషి కాదు. రాత్రి నా పక్కన పడుకుని, బిగుసుకుపోయిన రొమ్ములు పట్టుకుని ఏడ్చేది. నాకు నిద్ర వచ్చేది కాదు.

ఇంకోసారి ఇలా అయితే పిల్లవాడు దక్కడని డాక్టరు చెప్పిన రోజు, బాపమ్మ ఒక నిర్ణయం చేసింది. మంచి రోజు చూసి అమ్మను పుట్టింటికి పంపాలి, పిల్లవాడు తన దగ్గర ఉండాలి, నీడ కూడా తగలకుండా పెంచుకుంటాను అన్నది. మా బాపు, అదే మా నాన్న, తల వంచుకుని కూర్చున్నాడు. అక్కడినుంచి మూడో ఆదివారం బండి కట్టాలని అనుకున్నారు. అంటే మా అమ్మకు మిగిలింది మూడు వారాలు. తమ్ముడికి ఎన్ని మిగిలాయో ఎవరూ పైకి అనలేదు.

నేను చాలా ప్రశ్నలు అడిగే పిల్లను. అందరికీ చిరాకుగా ఉండేది. ఆ రోజుల్లో నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. వాన పడితే చాలు, బడిలో మా గల్లీ పిల్లల బెంచీలు సగం ఖాళీ అయ్యేవి, అందరికీ కడుపునొప్పే. చర్చి వాడ పిల్లల వరుస మాత్రం నిండుగా ఉండేది. ఉప్పు నీళ్ళు తాగేవాళ్ళకు ఏమీ కాకుండా, తియ్యటి నీళ్ళు తాగే మాకెందుకు ఇలా? పంతులును అడిగితే కూర్చోమన్నాడు. బాపమ్మను అడిగితే, వాళ్ళ కడుపులు రాళ్ళను కూడా అరిగించుకుంటాయన్నది.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తున్న ల్యాబు కాకను దారిలో ఆపాను. ఆయన సైకిలు దిగి, నా ప్రశ్న మొత్తం విన్నాడు. ఫ్యాక్టరీ సంగతి మొదలుపెట్టాడు. ఆవిరి చేసే పెద్ద బాయిలరులోకి పోయే నీళ్ళలో చిటికెడు చక్కెర కలిసినా బాయిలరు పాడవుతుందట. ఆ నీళ్ళు చూస్తే అద్దంలా ఉంటాయి. నాలుకకు తెలియదు, కంటికి తెలియదు. అందుకే గంట గంటకూ తెచ్చి ల్యాబులో పరీక్ష చేస్తారట. నాలుగు చుక్కలు ఒక మందు వేసి, గొట్టం గోడ వెంబడి మెల్లగా ఆసిడు జారవిడిస్తే, చక్కెర ఉన్న నీళ్ళలో వంకాయ రంగు ఉంగరం కడుతుంది.

"మా దగ్గర నీళ్లల్ల తీపి దొరికితే అందరు ఉరుకులు పరుగులు, బిడ్డా," అని నవ్వాడు. "మీ దగ్గర తీపి దొరికితే బిందెలు పడ్తరు. నీళ్లు ఎట్లున్నయని అడుగుతరు గని, ఏడికెల్లి వస్తున్నయని ఎవ్వరన్న అడిగిండ్రా?"

నేను అడిగాను. ఎక్కడినుంచి వస్తున్నాయి కాకా? ఆయన నన్ను ఎగాదిగా చూసి, అయితే బావినే అడుగుదామన్నాడు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను వాళ్ళ అరుగు మీదికి రమ్మన్నాడు. ల్యాబులో పెద్దసారును అడిగి రెండు చిన్న సీసాలు తెచ్చి పెట్టుకున్నాడు. ఆసిడు మీద పడితే తోలు ఊడుతుందని, నన్ను మూడు అడుగుల అవతల నిలబెట్టాడు. మూడు గొట్టాలు. ఒకదాంట్లో బోరింగు నీళ్ళు, ఒకదాంట్లో నేను తెచ్చిన తియ్య బాయి నీళ్ళు, మూడోదాంట్లో బెల్లం కలిపిన నీళ్ళు. బెల్లం నీళ్ళలో మాత్రం ఉంగరం కట్టింది. ఎంత చక్కటి రంగో! మిగతా రెండూ తెల్లగా ఉండిపోయాయి. తియ్య బాయిలో తీపే లేదన్నమాట. అది నీటి రుచే తప్ప చక్కెర కాదని కాక చెప్పాడు. నాకు లోపల సంతోషం, బావిలో ఏ తప్పూ లేదని, బాపమ్మే గెలిచిందని. ఆయన మాత్రం, ఇంకా అయిపోలేదు, బావిలో ముందునుంచీ చక్కెర లేదని చూసుకున్నాం అంతే అన్నాడు.

మా బావి పక్కన ఒక మోరి ఉండేది. అంట్లు తోమిన నీళ్ళు, బర్రెలను కడిగిన నీళ్ళు అందులోకే పోయేవి. వానాకాలంలో చిన్నపిల్లలు బయటికి కూర్చునేదీ ఆ అంచునే. ఒక బకెట్టు బెల్లం పాకం చేసి ఆ మోరిలో పొయ్యమన్నాడు కాక. రెండు రోజులాగి, బావిలో మోరి వైపు రాళ్ళ సందుల్లోంచి తడి కారే చోట బొక్కెన ఆనించి నీళ్ళు తెమ్మన్నాడు. బెల్లం ఇంట్లో అడిగి తీసుకొమ్మన్నాడు. నేను అడగలేదు. అంత పని నువ్వే చెయ్యరాదా కాకా అంటే, ఆయన నవ్వు కొంచెం తగ్గింది.

"నేను పోస్తే బాయి ఖరాబు చేసిండంటరు. నువ్వు పోస్తే పిచ్చి పోరి అంటరు. పిచ్చి పోరి అనిపించుకునుడు నయం గదా?"

మంగళవారం మధ్యాహ్నం అందరూ చేలకు పోయాక, రెండు పెద్ద బెల్లం ముద్దలు బకెట్టు నీళ్ళలో కరిగించి మోరిలో పోశాను. ప్రాణం ఉసూరుమంది. బెల్లం దొంగిలించినందుకు కాదు, అంత మంచి బెల్లం మోరి పాలు చేసినందుకు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాననుకోండి. సాయంత్రానికి అక్కడ చీమలు బారులు కట్టాయి, ఎవరో పాయసం ఒలకబోశారని బాపమ్మ కేకలు వేసింది.

గురువారం పొద్దున సీసాలో నీళ్ళు పట్టి దాచి, సాయంత్రం కాక దగ్గరికి పరుగెత్తాను. మందు వేశాడు. ఆసిడు జార్చాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత రెంటికీ మధ్య, వెంట్రుకంత సన్నగా, వంకాయ రంగు గీత ఒకటి కనిపించి, మెల్లగా గుండ్రంగా అల్లుకుంది. నేను మోరిలో పోసినదే అది. బిందెలోంచి చెంబులోకీ, చెంబులోంచి మా తమ్ముడి నోట్లోకీ పోయేది అదే.

కాక గొట్టం పైకెత్తి చూస్తూ, "బెల్లం అచ్చిందంటే తొవ్వ ఉన్నట్టు. ఆ తొవ్వల ఒక్క బెల్లమే వస్తదా, బిడ్డా?" అన్నాడు.

నేను ఇంటికి పరుగెత్తి అమ్మ కొంగు పట్టి లాక్కొచ్చాను. ఆ వాడలో ఆమె అడుగు పెట్టడం అదే మొదటిసారి. తమ్ముడిని భుజాన వేసుకుని, ఆ గొట్టాన్ని చాలాసేపు చూసింది. నేను గడగడా చెప్పేదంతా విన్నది. ఆమె అడిగింది ఒక్కటే.

"అయితే ఇది నా పాల దోషం గాదా?"

"నీ పాలు బంగారమమ్మా," అన్నాడు కాక. "పాలు మాన్పిచ్చుడే పెద్ద గల్తీ అయింది."

మా అమ్మ అరుగు పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది. నెలల తరబడి దిండులో దాచుకున్న ఏడుపంతా అక్కడ, ఆ కొత్త మనుషుల ముందు, గొంతెత్తి ఏడ్చింది. కాక భార్య బోరింగు కొట్టి బిందె నింపి తెచ్చి పెట్టింది. తీసుకోవచ్చా అన్నట్టు చూసిన అమ్మతో, "నీళ్లకు గూడ అడుగుతరా అవ్వా" అన్నది.

బాపమ్మతో జరిగిన యుద్ధం గురించి ఏం చెప్పను! పప్పు ఉడకని నీళ్ళు నా మనవడికి తాపుతావా అని మొదలుపెట్టి, మా అమ్మ ఏడు తరాలను కదిలించింది. మా అమ్మ మొట్టమొదటిసారి ఎదురు నిలిచింది. ఇంకో పది రోజుల్లో నన్ను ఎలాగూ పంపుతున్నారు, అప్పటిదాకా నా కొడుక్కు నేను తాపిందే అన్నది. బోరింగు నీళ్ళు మరగబెట్టి, చిటికెడు ఉప్పూ బెల్లమూ వేసి చెంచాతో పట్టేది. పాలు కూడా మళ్ళీ మొదలుపెట్టింది.

బాపమ్మ గొట్టాన్నీ ఉంగరాన్నీ నమ్మలేదు. గాజుబుడ్డి గారడి అన్నది. కానీ నాకు ఈ ప్రశ్నల తెగులు ఎవరి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. మూడు రోజులు గొణిగి, నాలుగో రోజు తనే ఒక బకెట్టు బెల్లం పాకం మోరిలో పోసింది. రెండు రోజులాగి, రెండు ఒకేలాంటి సీసాల్లో నీళ్ళు పట్టింది. ఒకటి బావివి, ఒకటి బోరింగువి. ఏది ఏదో తనకొక్కదానికే తెలిసేటట్టు, రెంటి మూతులకూ దారం చుట్టి, బావి సీసా దారానికి లోపలివైపు ఒక ముడి వేసింది. గారడి అయితే ఇయ్యాల దొరికిపోతాడు అంటూ కర్ర పట్టుకుని బయలుదేరింది. వెనక నేను, నా వెనక తమ్ముడితో అమ్మ.

ఆమె ఆ వాడలోకి రావడం చూసి ఆడవాళ్ళు బోరింగు కొట్టడం ఆపేశారు. బాపమ్మ అరుగుకు దూరంగా నిలబడి సీసాలు నా చేత అందించింది. కాక సాయంత్రపు వెలుతురులో రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి, ఎప్పటిలాగే చేశాడు. ఒకదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో ఉంగరం, ఈసారి ఇంకా చిక్కగా. ఆ గొట్టంలోకి నీళ్ళు పోసిన సీసాను వేలితో చూపించాడు. బాపమ్మ దగ్గరికి నడిచివచ్చి, ఆ సీసా దారం విప్పింది. ముడి ఉంది.

ఆమె ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది. తర్వాత తమ్ముడి వైపు చూసింది. "నేనే తాపిన," అన్నది. "నా చేతులతోని నేనే తాపిన. కోడలి మీద పెట్టిన." కొంగు నోట్లో కుక్కుకుంది. మా బాపమ్మ ఏడవడం నేను చూసింది అదొక్కసారే. తాత పోయిన రోజు కూడా ఆమె వంట దగ్గరే ఉంది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కాక భార్యను "జర నీళ్లియ్యి బిడ్డా" అని అడిగింది. ఆవిడ చెంబు తెచ్చింది. మా బాపమ్మ ఆ వాడ ఆడవాళ్ళందరి ముందూ, ఆ ఉప్పు నీళ్ళు మొత్తం, మొహం చిట్లించకుండా తాగింది. ఆహా అనలేదు, అబద్ధం ఆడే మనిషి కాదు. చెంబు తనే కడిగి ఇచ్చింది. ఆ ఆదివారం బండి కట్టలేదు.

తమ్ముడు ఒక్క రోజులో లేచి ఆడలేదు. నెల పట్టింది. ఇప్పుడు వాడు మనవలను ఎత్తుకుంటున్నాడు, పొట్ట కూడా వచ్చింది. తర్వాత వచ్చిన ఎండాకాలంలో బాపమ్మ దగ్గరుండి మోరిని దూరంగా మళ్ళించింది, బావి రాళ్ళ సందులు సిమెంటుతో పూడ్పించింది, చుట్టూ గట్టు ఎత్తు చేయించింది. బ్లీచింగు పౌడరు ఎంత వేయాలో కాకనే పిలిచి అడిగింది. ఆయన గట్టు మీద నిలబడి చెప్తుంటే కొందరు గొణిగారు. "నీళ్లల్ల మోరి కలిసిననాడు ఎవ్వనికన్న తెలిసిందా?" అని బాపమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. అందరూ మారిపోయారని చెప్పను. మా ఇల్లు మారింది, అదీ ఆలస్యంగా. కాక మీద ఊరు మోపిన లేబరోడు అన్న మాటను బాపమ్మ మాత్రం మళ్ళీ అనలేదు. నోరు తిరగకపోయినా "లాబు సారు" అనేది.

అలాగని బోరింగు నీళ్ళన్నీ మంచివనుకోకండి. బోరు నీళ్ళు తాగి తాగి ఎముకలు వంగిపోయిన ఊళ్ళున్నాయి. ఒక పరీక్షకు ఒక్క సంగతే తెలుస్తుందని, మిగతావాటికి వేరే వేరేవి చేయాలని కాక అప్పుడే చెప్పాడు. ఇప్పుడు నేను నిజామాబాద్‌లో ఉంటున్నాను. గల్లీ గల్లీకీ ఫిల్టరు నీళ్ళ డబ్బాలు వస్తాయి. ఏ నీళ్ళు తీసుకుంటున్నారని అడిగితే, ఫలానావాడివి, చాలా తియ్యగా ఉంటాయి అంటారు. డబ్బా ఎప్పుడు కడిగారు, నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించారు అని నేను ఆటో అబ్బాయిని అడిగితే, మా మనవరాలు సిగ్గుతో లోపలికి పారిపోతుంది. పారిపోనీ.

ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది నీళ్ళ గురించిన తెలివి ఒక్కటే కాదు. బాపమ్మ చెడ్డ మనిషి కాదు. మమ్మల్ని ప్రాణంగా చూసుకునేది. అయినా తను నమ్మినదాన్ని అనుమానించలేక, ఒక మంచి మనిషిని అనుమానించింది. మనందరికీ అదే సులువు. నమ్మినదాన్ని అనుమానిస్తే మన తప్పు బయటపడుతుంది, కోడలిని అనుమానిస్తే ఆమె ఎదురు చెప్పదు కదా.

పోయిన వానాకాలంలో మా చిన్న కోడలి పాపకు ఐదు నెలలు. డబ్బా పాలు కూడా పడుతున్నారు. వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాక, పలకరించడానికి నలుగురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ కోడలి మొహం చూస్తూ, తల్లి ఏం తిన్నదో ఏమో అని మొదలుపెట్టింది. కోడలు తల దించుకుంది. ఆ దించుకోవడం నాకు తెలుసు. నేను వంటింట్లోకి వెళ్ళి, పాలు కలిపే నీళ్ళు ఒక సీసాలో పట్టి, చెప్పులు వేసుకున్నాను. నీళ్ళ పరీక్ష చేసే ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. వెళ్తూ వెళ్తూ కోడలి తల పైకెత్తి, "నీ పాలు బంగారం బిడ్డా" అని, ఆ నలుగురికీ వినపడేటట్టు చెప్పాను.